ఫార్మసీ అసిస్టెంట్లకు సొంత సంఘం రావడానికి అంతకాలం ఎందుకు పట్టింది?

మీరు అడిగినవి మూడు. ఫార్మసీ అసిస్టెంట్ అనే ఉద్యోగం ఎలా మొదలైంది, వాళ్ళ తొలి సంఘాలు ఏవి అన్నది మొదటిది. బ్రిటన్‌లో 1841 నుంచే ఫార్మాస్యూటికల్ సొసైటీ ఉండగా అసిస్టెంట్లకు వేరే సంఘం ఎందుకు కావలసి వచ్చింది అన్నది రెండోది. పాత రికార్డుల్లో 'అసిస్టెంట్' అన్న మాటను ఎలా చదవాలన్నది మూడోది, దానికి చివర్లో వస్తాను. రెండోదాని జవాబు దొరికితే మొదటిది దానంతటదే తేలుతుంది. నేను చాలా ఏళ్ళు కౌంటర్ వెనక నిలబడి మందులు కట్టినవాణ్ణి. ఈ చరిత్ర చదువుతుంటే ఆ మనుషులు నా కళ్ళ ముందు తిరుగుతారు, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఫార్మాస్యూటికల్ సొసైటీని పెట్టుకున్నది షాపుల యజమానులు. అసిస్టెంటు అందులో చేరవచ్చు, దాని పరీక్ష రాయవచ్చు, దాని బడిలో చదవవచ్చు. జీతం ఎంత, రాత్రి ఎన్నింటికి షాపు కట్టేస్తారు, మేడ మీద తనకిచ్చిన గదిలో ఎంతమంది పడుకోవాలి అన్న మాటలకు మాత్రం అక్కడ చోటు లేదు. 1920లో ఒక న్యాయమూర్తి ఈ సంగతినే తీర్పుగా రాశాడు. సొసైటీ పుట్టుకకూ ఆ తీర్పుకూ మధ్య దాదాపు 80 ఏళ్ళు. మీరు అడిగిన చరిత్ర చాలావరకు ఆ 80 ఏళ్ళలోనే ఉంది.

అసలు మొదలు ఇంకా వెనక ఉంది. లండన్‌లో మందులు అమ్మే అపోతెకరీలు 1617లో కిరాణా వర్తకుల సంఘం నుంచి విడిపోయి, జేమ్స్ రాజు ఇచ్చిన చార్టర్‌తో (అధికార పత్రంతో) సొంత సంఘం పెట్టుకున్నారు. 1704లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో ఆ దేశపు అత్యున్నత కోర్టు కూడా అదే) తీర్పు ఒకటి వాళ్ళు రోగిని చూసి మందు చెప్పడానికి దారి తెరిచింది. అక్కడి నుంచి అపోతెకరీ నెమ్మదిగా వైద్యుడయ్యాడు. నూరడం, కలపడం, పొట్లాలు కట్టడం అతని కింద పనివాడి చేతికి వచ్చాయి. ఈ పనివాణ్ణి చట్టం మొదటిసారి పేరు పెట్టి పిలిచింది 1815 నాటి అపోతెకరీల చట్టంలో. మందులు 'కాంపౌండ్' చేసి ఇచ్చే అసిస్టెంటు కూడా పరీక్షకు కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలని అందులో రాశారు. మనం తరతరాలుగా అంటున్న కాంపౌండర్ అనే మాటలో ఉన్న క్రియ ఇదే. సర్టిఫికెట్ లేకుండా వైద్యం చేసే అపోతెకరీకి 20 పౌండ్ల జరిమానా, సర్టిఫికెట్ లేకుండా మందు కలిపే అసిస్టెంటుకు 5 పౌండ్లు.

అయితే ఆ చట్టం కెమిస్టులను, డ్రగ్గిస్టులను, అంటే మామూలు మందుల షాపుల వాళ్ళను, వదిలేసింది. కాబట్టి డాక్టరు దగ్గర మందు కలిపే కుర్రాడికి పరీక్ష ఉంది, వీధిలో మందుల షాపులో అదే మందు కలిపే కుర్రాడికి లేదు. ఈ చీలికను గుర్తుపెట్టుకోండి. సుమారు వంద ఏళ్ళ తర్వాత సంఘాల గొడవల్లో ఇదే మళ్ళీ పైకి వస్తుంది.

1841లో బెంజమిన్ హాస్ అనే పార్లమెంటు సభ్యుడు ఒక బిల్లు తెచ్చాడు. అది చట్టమైతే షాపుల వాళ్ళు కూడా వైద్యుల అదుపులోకి పోతారు. ఆ భయంతో లండన్ కెమిస్టులు ఏప్రిల్ 15న స్ట్రాండ్ వీధిలోని క్రౌన్ అండ్ యాంకర్ అనే సత్రంలో కూడి సొసైటీ పెట్టుకున్నారు. దీనికి ప్రాణం పోసినవాడు జేకబ్ బెల్, మొదటి అధ్యక్షుడు విలియం అలెన్. వాళ్ళ బుర్రలో ఉన్న ఆలోచన మంచిదే: మనల్ని బయటివాళ్ళు పరీక్షించేలోగా మనమే చదువు, పరీక్ష పెట్టుకుందాం అని. మరుసటి ఏడాదే బ్లూమ్స్‌బరీ స్క్వేర్‌లో బడి తెరిచారు. పెద్ద పరీక్షకు 'మేజర్' అని పేరు, అది యజమాని కాబోయేవాడికి. చిన్నదానికి 'మైనర్', అది అసిస్టెంటుకు. 1852 చట్టం ప్రకారం అసిస్టెంట్లకు, అప్రెంటిస్‌లకు రిజిస్టర్లు కూడా ఏర్పడ్డాయి. కానీ పరీక్ష రాయకపోతే షాపు నడపకూడదన్న నియమం అప్పటికి లేదు.

అలా లేకపోవడం వల్ల ఏం జరిగిందో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణం చూసింది. 1858 అక్టోబరు చివర్లో అక్కడ సంతలో పెప్పర్‌మింట్ బిళ్ళలు తిని సుమారు 20 మంది చనిపోయారు, 200 మందికి పైగా పడకేశారు. మిఠాయి చేసేవాడు చక్కెర ఖర్చు తగ్గించడానికి కలిపే తెల్ల పొడి కోసం ఒక మనిషిని దగ్గరలోని షిప్లీ అనే ఊళ్ళో మందుల షాపుకు పంపాడు. యజమాని జబ్బుపడి ఉన్నాడు. అసిస్టెంటు విలియం గొడార్డ్ ఆ పొడి ఎక్కడుందని యజమానిని అడిగాడు. మూలనున్న పీపాలో ఉందన్నాడు యజమాని. కుర్రాడు పీపా తెరిచాడు, 12 పౌన్ల తెల్ల పొడి తూచి ఇచ్చాడు. అది పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం. రెండూ తెల్లగానే ఉంటాయి, పీపా మీద గుర్తు సరిగా లేదు. గొడార్డ్ మీద, యజమాని మీద, మిఠాయి చేసినవాడి మీద నేరం మోపారు. చివరికి అసిస్టెంటు మీద, మిఠాయివాడి మీద కేసు ఎత్తేశారు, యజమాని విచారణలో నిర్దోషిగా బయటపడ్డాడు.

ఈ ఘటనను అందరూ విషాల చట్టాల చరిత్రలో భాగంగా చెబుతారు. నేను ఎప్పుడు చదివినా ఆ కుర్రాడి దగ్గరే ఆగిపోతాను. అతను అడగాల్సిన మనిషినే అడిగాడు, చెప్పిన చోటు నుంచే తీశాడు. అతనికి పాషాణాన్ని గుర్తుపట్టడం ఎవరూ నేర్పలేదు, నేర్పాలని చట్టమూ అనలేదు. పీపాకు చీటీ అంటించే బాధ్యత ఎవరిది, తూచి ఇచ్చిన చేతిది ఎంత బాధ్యత అన్న ప్రశ్న ఈ వృత్తిలో ఇప్పటికీ పచ్చిగానే ఉంది.

ఇలాంటి ఒత్తిళ్ళ వెనక వచ్చింది 1868 ఫార్మసీ చట్టం. ఇకపై విషాలు అమ్మాలన్నా, కెమిస్టు అని బోర్డు పెట్టుకోవాలన్నా రిజిస్టరులో పేరుండాలి. ఇక్కడ చాలామంది గమనించని మలుపు ఒకటి ఉంది. రిజిస్టరులోకి కొత్తగా రావడానికి పెట్టిన అర్హత మైనర్ పరీక్ష. నిన్నటిదాకా అసిస్టెంటు పరీక్షగా ఉన్నది ఒక్కరోజులో షాపు పెట్టుకునే హక్కుకు తాళంచెవి అయింది. అప్పటికే కొన్నేళ్ళుగా పనిలో ఉన్న అసిస్టెంట్లకు 'మాడిఫైడ్' అనే తేలిక పరీక్ష కూడా కొంతకాలం నడిపారు. 1870లో ఆ పరీక్ష నెగ్గి రిజిస్టరయిన ఫానీ డీకన్, చట్టం వచ్చాక పరీక్ష ద్వారా అర్హత పొందిన మొదటి మహిళ.

దీంతో అసిస్టెంటు మనసు మారిపోయింది. మైనర్ నెగ్గినవాడు తనను ఉద్యోగిగా అనుకోలేదు, రేపటి యజమానిగా అనుకున్నాడు. యజమాని కూడా అతన్ని అలాగే చూశాడు, కనీసం మాటల్లో. రేపు తానే యజమాని అయ్యేవాడు ఇవాళ యజమాని మీద సంఘం ఎందుకు పెడతాడు? నాలుగేళ్ళు ఓర్చుకుంటే సొంత షాపు కదా అనుకుంటాడు. నా దృష్టిలో సంఘాల ఆలస్యానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

ఆ ఓర్చుకోవడం ఎలా ఉండేదో కూడా చెప్పాలి. పొద్దున్నే షట్టర్లు తీయడం, సీసాలు కడగడం, కల్వంలో నూరడం, మాత్రల బల్ల మీద ముద్దను కడ్డీలా సాగదీసి గాడులతో కోసి మాత్రలు చుట్టడం, పౌడరు పొట్లాలు ఒక్క కొలతలో మడవడం, మందు సీసాను తెల్ల కాగితంలో చుట్టి ఎర్ర లక్కతో ముద్ర వేయడం. యజమాని ఇంట్లోనే తిండి, పడక. దీన్ని 'లివింగ్ ఇన్' అనేవారు, ఆ ఖర్చు జీతంలోనే కలిసిపోయేది. షాపు మూశాక కూడా తలుపు పక్కన రాత్రి గంట ఉంటుంది. అది మోగితే లేచేది తరచుగా ఈ అసిస్టెంటో, అప్రెంటిసో. 1886లో జాన్ లబ్బక్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి తెచ్చిన చట్టం షాపుల్లో 18 ఏళ్ళ లోపు వాళ్ళ పనిని వారానికి 74 గంటలకు పరిమితం చేసింది. పరిమితమే 74 గంటలంటే అంతకుముందు ఎంత పని చేయించేవారో ఊహించుకోండి. పెద్దవాళ్ళకు ఆ పరిమితి కూడా లేదు.

సొంత షాపు కలను బద్దలు కొట్టింది ఒక కోర్టు తీర్పు. ఒక కంపెనీ మందుల షాపు నడుపుతోందని, కంపెనీ పరీక్ష రాయలేదు కదా అని సొసైటీ కోర్టుకెక్కింది. 1880లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చి చెప్పింది: 1868 చట్టం 'వ్యక్తి' అన్నది మనిషిని ఉద్దేశించి, కంపెనీకి అది వర్తించదు. అంటే అర్హత ఉన్న ఒక అసిస్టెంటును జీతానికి పెట్టుకుంటే ఏ కంపెనీ అయినా మందుల షాపు తెరవొచ్చు. నాటింగ్‌హామ్‌లో జెస్సీ బూట్ 1883లో కంపెనీ పెట్టి, మరుసటి ఏడాది అర్హత ఉన్న ఫార్మసిస్టును ఉద్యోగంలోకి తీసుకున్నాడు. 1914 నాటికి బూట్స్ షాపులు 500 దాటాయి. అన్ని షాపులకూ అర్హులు కావాలి, కానీ వాళ్ళలో ఎవరూ యజమాని కాలేరు. పరీక్ష నెగ్గి, తెల్ల గడ్డం వచ్చేదాకా జీతగాడిగానే ఉండే మనిషి ఈ వృత్తిలో మొదటిసారి పెద్ద సంఖ్యలో పుట్టాడు.

పరీక్ష నెగ్గని అసిస్టెంటు పరిస్థితి ఇంకా ఇరుకు. 1890లో వీల్డన్ కేసులో కోర్టు చెప్పిందేమంటే, యజమాని లేనప్పుడు అర్హత లేని అసిస్టెంటు విషం అమ్మితే చట్టం దృష్టిలో అమ్మినవాడు ఆ అసిస్టెంటే, జరిమానా అతనే కట్టాలి. యజమానికి అర్హత ఉన్నా సరే. లాభం గల్లాపెట్టెలోకి పోతుంది, 5 పౌండ్ల జరిమానా కుర్రాడి నెత్తిన పడుతుంది. తీర్పు ఉద్దేశం నాకు అర్థమవుతుంది, అర్హత ఉన్న మనిషి కౌంటర్ దగ్గర ఉండి తీరాలని. అయినా దాని బరువు మోసినవాడు ఎవరో చూసినప్పుడు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక సంఘాలకు వస్తాను. 19వ శతాబ్దం చివర్లో లండన్‌లో కెమిస్టుల అసిస్టెంట్లకు ఒక సంఘం ఉండేది. వాళ్ళు సాయంత్రాలు కూడి శాస్త్ర వ్యాసాలు చదివేవారు, కొత్త మందుల గురించి చర్చించేవారు. పని నేర్చుకోవాలన్న ఆశ అందులో నిండుగా ఉంది, బేరమాడే బలం లేదు. జీతం కోసం పోరాడే సంఘం వేరే వీధిలో పుట్టింది. 1891లో షాపు గుమాస్తాల జాతీయ సంఘం ఏర్పడింది. బట్టల షాపుల్లో, కిరాణా షాపుల్లో పనిచేసేవాళ్ళు దాని వెన్నెముక. లివింగ్ ఇన్ పద్ధతి మీద గట్టిగా పోరాడినది వాళ్ళే. బట్టల షాపుల్లో పనిచేసి వచ్చిన మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ 1898 నుంచి దాని సహాయ కార్యదర్శి. 1929లో బ్రిటన్ మంత్రివర్గంలో చేరిన మొదటి మహిళ ఆవిడే.

కెమిస్టు అసిస్టెంట్లకు కూడా ఆ తలుపు తెరిచే ఉంది. కానీ లాటిన్‌లో రాసిన మందుల చీటీ చదవగలిగినవాడు గుడ్డలు కొలిచేవాడి పక్కన కూర్చోవడానికి మొహమాటపడ్డాడు. వృత్తి గౌరవం వాళ్ళకు ఎంత అండగా నిలిచిందో అంత అడ్డుగానూ నిలిచింది. సొసైటీ చూస్తే యజమానులది, గుమాస్తాల సంఘం చూస్తే తమ స్థాయికి తగదనిపించింది. రెంటికీ చెడ్డ రేవడి అంటామే, అలా మిగిలారు.

ఆ చిక్కుముడిని ముందుగా విప్పింది మహిళలు. యజమానులు అయ్యే దారి వాళ్ళకు ఎలాగూ ఇరుకే కాబట్టి వాళ్ళు ఉద్యోగం గురించి ఉద్యోగంగానే ఆలోచించారు. 1873లో ఆలిస్ వికరీ మైనర్ నెగ్గింది. అయినా సొసైటీలో సభ్యత్వం మహిళలకు దొరికింది 1879లోనే, ఇసబెల్లా క్లార్క్, రోజ్ మిన్షల్ ఇద్దరితో. 1905లో మహిళా ఫార్మసిస్టుల సంఘం ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు ఇసబెల్లా క్లార్క్ కీర్, ఆవిడతో కలిసి నడిపినది మహిళలకు ఫార్మసీ చదువు చెప్పిన మార్గరెట్ బుకానన్. ఉద్యోగాలు, జీతాలు, బదులు పని చేయడానికి మనుషులు దొరకడం వంటివి వాళ్ళ చర్చల్లో మామూలుగా ఉండేవి. ఆనాటి ఫార్మసీలో ఇది చాలా కొత్త.

ఇక్కడే నేను పైన చెప్పిన 1815 చీలిక తిరిగొస్తుంది. అపోతెకరీల సంఘం వాళ్ళ అసిస్టెంటు పరీక్ష, జనం 'హాల్' పరీక్ష అనేది, ఏళ్ళ తరబడి పెద్దగా ఎవరూ పట్టించుకోని కాగితంగా పడి ఉంది. 1887లో ఒక మహిళ మొదటిసారి అది నెగ్గింది. ఆ తర్వాత అమ్మాయిలు వరుసకట్టారు. మైనర్ కన్నా చదువు తక్కువ, ఖర్చు తక్కువ, డాక్టర్ల దగ్గరా ఆసుపత్రుల్లోనూ డిస్పెన్సరుగా, అంటే మందులు కట్టి ఇచ్చే మనిషిగా, ఉద్యోగం దొరుకుతుంది. సొంత షాపు మాత్రం పెట్టలేరు. జీతం కూడా తక్కువే. మహిళా ఫార్మసిస్టుల సంఘం హాల్ సర్టిఫికెట్ వాళ్ళను తమలో చేర్చుకోలేదు, వాళ్ళ వల్ల మహిళలందరి జీతాలూ పడిపోతాయన్న భయం. భయానికి ఆధారం ఉంది. కానీ తలుపు బయట ఉంచిన కొద్దీ ఆ అమ్మాయిలు తక్కువ జీతానికి ఒప్పుకోక తప్పని స్థితిలోనే ఉంటారు కదా. ఈ ఒక్క విషయంలో ఆ గొప్ప మహిళలు పొరపాటు చేశారని నా అభిప్రాయం.

హాల్ పరీక్ష నెగ్గినవాళ్ళలో అందరికీ తెలిసిన పేరు డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ. మొదటి ప్రపంచ యుద్ధంలో టార్కీలోని రెడ్ క్రాస్ ఆసుపత్రిలో డిస్పెన్సరీ పని చేస్తూ 1917లో ఆవిడ పరీక్ష నెగ్గారు. నవలల్లో విషాల గురించి అంత కచ్చితంగా రాయగలిగారంటే ఆ బల్ల దగ్గర గడిపిన గంటలే కారణం.

నెదర్లాండ్స్‌లోనూ దాదాపు ఇదే జరిగింది. ఆ దేశపు మొదటి మహిళా డాక్టరు అలెట్టా జేకబ్స్, యూనివర్సిటీ తలుపు తట్టకముందు 1870లో నెగ్గినది ఫార్మసీ అసిస్టెంటు పరీక్షే. చదువుకున్న అమ్మాయిలకు ఆ కాలంలో తెరిచి ఉన్న కొద్ది తలుపుల్లో అదొకటి.

బ్రిటన్‌లో 1911 జాతీయ బీమా చట్టం పనిభారాన్ని ఒక్కసారిగా పెంచింది. 1913 జనవరి నుంచి బీమా ఉన్న కార్మికులకు డాక్టరు చీటీ రాస్తే, మందు ఇచ్చేది కెమిస్టు. మందును ఫార్మసిస్టు పర్యవేక్షణలో కట్టాలి, లేదా అప్పటికే 3 ఏళ్ళు డాక్టరు దగ్గరో సంస్థలోనో డిస్పెన్సరుగా పనిచేసినవాళ్ళు కట్టాలి అని నియమం. ఆ 3 ఏళ్ళ వాక్యం ఎంతమంది పరీక్ష లేని అసిస్టెంట్ల పొట్ట నిలిపిందో! చీటీలు కుప్పలయ్యాయి. తర్వాత యుద్ధం వచ్చి మగవాళ్ళను తీసుకుపోయింది, ధరలు పెంచింది. జీతాల ప్రశ్నను ఇక ఎవరూ దాటవేయలేకపోయారు.

యుద్ధం చివర్లో ప్రభుత్వం యజమానులు, ఉద్యోగులు కలిసి కూర్చుని జీతాలు తేల్చుకునే ఉమ్మడి మండళ్ళు పెట్టమంది. ఫార్మాస్యూటికల్ సొసైటీ ఆ పని తానే చేయబోయింది. యజమానులూ ఉద్యోగులూ ఇద్దరూ తన సభ్యులే కదా అని. జెంకిన్ అనే సభ్యుడు కోర్టుకు వెళ్ళాడు. 1920లో న్యాయమూర్తి సొసైటీ చార్టర్ తీసి చూసి, జీతాలు, పనిగంటలు, ధరలు నిర్ణయించే అధికారం దీనికి లేదన్నాడు. చదువు, శాస్త్రం, వృత్తి రక్షణ దాని పని. బేరమాడటం వేరే సంఘం పని.

తీర్పు వచ్చాక ముందు తేరుకున్నది ఎవరనుకున్నారు? యజమానులు. 1921లోనే రిటైల్ ఫార్మసిస్టుల యూనియన్ పెట్టుకున్నారు. పేరులో యూనియన్ ఉంది కాబట్టి చాలామంది దాన్ని ఉద్యోగుల సంఘం అనుకుంటారు. అది షాపుల యజమానులది. జీతగాళ్ళ వైపు నిలబడి నిలిచినది 1923లో వచ్చిన గిల్డ్ ఆఫ్ పబ్లిక్ ఫార్మసిస్ట్స్, ఆసుపత్రుల్లోనూ ప్రభుత్వ సంస్థల్లోనూ పనిచేసేవాళ్ళది. వాళ్ళకు రేపు సొంత షాపు అన్న ఆశ లేదు, యజమాని ఒక్కడే, జీతాల పట్టిక అందరికీ ఒక్కటే. సంఘానికి కావలసిన నేల అక్కడ సిద్ధంగా ఉంది. ఆ గిల్డ్ తర్వాత పెద్ద కార్మిక సంఘంలో చేరి ఇప్పటికీ నడుస్తోంది. పరీక్ష లేని కౌంటర్ అసిస్టెంట్లకు మిగిలినది గుమాస్తాల సంఘమే. అది 1947లో మరో సంఘంతో కలిసి నేటి షాపు ఉద్యోగుల పెద్ద కార్మిక సంఘం అస్‌డా (USDAW)గా మారింది.

ఇక మీ మూడో ప్రశ్న, పాత రికార్డుల్లో 'అసిస్టెంట్' అని కనబడితే ఏమనుకోవాలని. ముందు సంవత్సరం చూడండి. 1868కి ముందు సొసైటీ రిజిస్టరులో ఆ మాట ఉంటే సాధారణంగా మైనర్ నెగ్గినవాడు, చదువుకున్నవాడు. 1868 తర్వాత 'క్వాలిఫైడ్ అసిస్టెంట్' అంటే షాపు పెట్టే హక్కుండీ జీతానికి ఉన్నవాడు. ఊరికే అసిస్టెంట్ అంటే పరీక్ష కాకపోయి ఉండవచ్చు. పేరు పక్కన అపోతెకరీస్ హాల్ అని ఉండి, సంవత్సరం 1887 దాటి ఉంటే, ఆ డిస్పెన్సరు మహిళ అయ్యే అవకాశం ఎక్కువ. ఇంటిపేరుకు ముందు పొడి అక్షరాలే ఉన్నాయని మగవాడిగా లెక్క వేసుకోకండి.